ఆరు వారాల్లో స్పీడ్ పెంచుతామనే బరువు బంతుల ప్రోగ్రామ్ కొనేముందు ఇది చదవండి

మావాడికి పద్నాలుగేళ్లు, బేస్‌బాల్‌లో పిచింగ్, అంటే బ్యాటర్‌కి బంతి విసరడం, అంటే ప్రాణం. బంతి స్పీడ్ పెరుగుతుందని వెయిటెడ్ బాల్స్ (మామూలు బంతికంటే బరువైన బంతులు) సెట్, దాంతోపాటు ఆరు వారాల ఆన్‌లైన్ ప్రోగ్రామ్ కొన్నాను. నాలుగో వారంలో మోచేతి లోపలివైపు నొప్పి అన్నాడు. వాళ్ల కోచ్‌కి మెసేజ్ పెడితే "చెయ్యి అలవాటు పడుతోంది, ఆపకండి" అన్నాడు. నేను ఆపించేశాను. డాక్టరు చూసి, ఎదిగే ఎముక చివర ఉండే గ్రోత్ ప్లేట్ దెబ్బతింది, కొన్నాళ్లు బంతి ముట్టుకోవద్దన్నారు.

అప్పుడు అనుమానమొచ్చి బంతులు తూచాను. మామూలు బేస్‌బాల్ 5 నుంచి 5.25 ఔన్సులు, అంటే 142–149 గ్రాములు. 7 ఔన్సులని రాసిన బంతి 198 గ్రాములుండాలి కదా, 230 దాటింది! పదేళ్ల పిల్లాడికీ కాలేజీ కుర్రాడికీ ఒకటే షెడ్యూల్. చేరేటప్పుడు వయసు గానీ, పాత దెబ్బలు గానీ అడగనేలేదు.

అమ్మేవాళ్ల పేజీలో మైక్ మార్షల్ అనే అమెరికన్ పిచ్చర్ పేరు వాడుకున్నారు. ఆయన 1974లో డాడ్జర్స్ టీమ్ తరఫున 106 మ్యాచ్‌ల్లో పిచింగ్ చేసి, ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచారు, తర్వాత శిష్యులకు ఇనప బంతులతో నేర్పారు, నిజమే. అదే ఏడాది అదే టీమ్‌లో టామీ జాన్ అనే పిచ్చర్‌కి మోచేతి లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) తెగి, ఇప్పుడు ఆయన పేరుతోనే పిలిచే సర్జరీ మొదటిసారి జరిగింది. ఆ ముక్క మాత్రం పేజీలో లేదు.

బరువు బంతులతో స్పీడ్ పెరగదని నేననను. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 13–18 ఏళ్ల పిచ్చర్లు 38 మందిని రెండు గుంపులు చేశారు. ఆరు వారాలు బరువు బంతులు విసిరినవాళ్ల స్పీడ్ సగటున 3.3 శాతం పెరిగింది. కానీ వాళ్లలో 24 శాతం మందికి గాయాలయ్యాయి, బరువు బంతులు వాడని రెండో గుంపులో ఒక్కరికీ కాలేదు. బరువు బంతులు విసిరినవాళ్ల భుజం ఇంకా వెనక్కి తిరగడం మొదలైందట. స్పీడ్ వచ్చేదీ అక్కడే, మోచేతి మీద భారం పడేదీ అక్కడే.

డబ్బు వెనక్కి అడిగితే "సెట్ వాడేశారు కదా" అన్నారు. బ్యాంకులో కంప్లైంట్ పెట్టాను, ఇంకా తేలలేదు. ఇప్పటికే కొన్నవాళ్లుంటే ఈరోజే బంతులు తూచి ఫొటోలు తీసుకోండి, కోచ్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి.