పార్కు గేటుకు తాళమా, పక్కనే ఒక షెల్టరా? బరంపురానికి ఏది మేలు?

పార్కులో ఎవరైనా మూట దించి దుప్పటి పరిస్తే ఒడిశాలోని మన బరంపురంలో మూడు మాటలు వినిపిస్తాయి. రాత్రి గేటుకు తాళం వేయండి అని ఒకరు, పాపం ఉండనివ్వండి అని ఇంకొకరు, ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే షెల్టర్ ఎక్కడైనా చూపించండి అని మూడోవారు. నా ఓటు మూడోదానికే. కానీ షెల్టర్ ఎక్కడ కడతారు, ఎలా నడుపుతారు అన్నది తేలకపోతే అది కూడా దండగ ఖర్చే.

ముందు అక్కడ పడుకునేది ఎవరో చూద్దాం. అందరినీ ఒకే గాటన కట్టేయడం వల్లే సగం గొడవ. ఊళ్లోని ఎంకేసీజీ పెద్దాసుపత్రికి గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచే కాదు, ఇటు ఆంధ్రలోని ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచీ రోగులు వస్తారు. వాళ్ల వెంట వచ్చినవాళ్లకు సొంత ఊళ్లో ఇల్లుంది, ఇక్కడ మంచం లేదు. రోజు కూలీ గదికి అద్దె కడితే ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. ఇక ఎవరూ లేని ముసలివాళ్లు, మతి స్థిమితం తప్పి తిరిగేవాళ్లు. ఈ చివరివాళ్ల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అలా తిరుగుతూ తమను తాము చూసుకోలేని స్థితిలో ఉన్నవాళ్లను రక్షణలోకి తీసుకోవాల్సిన బాధ్యత పోలీస్ స్టేషన్‌ది. లాఠీ చూపించి పక్క వీధికి తోలడం రక్షణ కిందికి రాదు.

గేటుకు తాళం అనేవాళ్ల బాధ ఉత్తది కాదు. పొద్దున్నే పిల్లలతో, ముసలివాళ్లతో వాకింగ్‌కు వచ్చేవాళ్లకు శుభ్రమైన పార్కు కావాలి. పన్ను కడుతున్నారు, అడిగే హక్కుంది. పైగా తాళం చవక, ఒక్క రోజులో అయిపోతుంది. కాకపోతే పార్కు ఖాళీ అయిన రాత్రే స్టేషన్ బయటా, మూసిన షాపుల మెట్ల మీదా జనం పెరుగుతారు. అమెరికాలో గ్రాంట్స్ పాస్ అనే చిన్న ఊరు పార్కుల్లో గుడారాలు వేసి పడుకునేవాళ్లకు జరిమానాలు వేసింది. అది రాజ్యాంగ విరుద్ధం కాదని 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది. కోర్టులో ఊరు గెలిచింది సరే, ఆ తీర్పుతో అక్కడ ఒక్క మంచమూ పుట్టలేదు. మన దగ్గర ముంబై ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ల కేసులో వచ్చిన 1985 ఓల్గా టెల్లిస్ తీర్పును రెండు పక్షాలూ సగం సగమే చెబుతాయి. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమే అని సుప్రీంకోర్టు అన్నది నిజం. ఫుట్‌పాత్ ఖాళీ చేయించే అధికారం నగరానికి ఉందన్నదీ నిజమే, కాకపోతే ముందుగా నోటీసు ఇచ్చి, పద్ధతి ప్రకారం.

ఉండనివ్వండి అనేది మంచి మనసు మాట. కానీ 2013లో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ప్రాంతం ఇది. తార్పాలిన్ కింద మనుషుల్ని వదిలేసి దాన్ని దయ అనుకోవడం నాకు మింగుడు పడదు. షెల్టర్ వచ్చేదాకా నీళ్లు, మరుగుదొడ్డి ఇవ్వండి, అంతవరకు ఒప్పుకుంటాను.

షెల్టర్‌కు కొలత ఎప్పుడో రాసి ఉంది. 2024 దాకా కేంద్రం నడిపిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు చెప్పింది ఇదీ: లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటుండాలి, మనిషికి 50 చదరపు అడుగులు, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి. 2011 లెక్కల్లో బరంపురం జనాభా 3.56 లక్షలు. అంటే తక్కువలో తక్కువ 350 మందికి. ఆ 24 గంటలు అన్న మాట ముఖ్యం. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు పగలే పడుకోవాలి కదా, ఉదయం ఆరింటికి బయటికి పంపేస్తే అతను వచ్చేది మళ్లీ పార్కుకే.

ఇంకా చిన్నవిగా కనిపించే సంగతులున్నాయి. కూలీల అడ్డాకు నడిచి వెళ్లలేనంత దూరంలో కడితే ఆటో డబ్బులు ఎవరిస్తారు? మొగుణ్ణి ఒక చోట, పెళ్లాం పిల్లల్ని ఇంకో చోట పడుకోమంటే ఆ కుటుంబం రాదు. మూట పెట్టుకోవడానికి తాళం పడే పెట్టె లేకపోయినా అంతే. ఒడిశాలో 5 రూపాయల భోజనం, ఆహార్, 2015 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి ఐదు నగరాల్లో బరంపురం ఒకటి. ఆసుపత్రుల దగ్గర, జనం తిరిగేచోట పెట్టారు కాబట్టే జనం వెళ్లారు. షెల్టర్‌కు మాత్రం ఊరి చివర ఖాళీ స్థలం వెతకడం ఎందుకో!

సరిహద్దు కాబట్టి మనకు ఇంకో తలనొప్పి. పాతిక కిలోమీటర్ల అవతలి ఇచ్ఛాపురం మనిషి ఆధార్‌లో ఉండేది ఆంధ్ర చిరునామా. 'మీ రాష్ట్రానికి పో' అనడం కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు సులువు. ఈ ఊళ్లో ఇసుక, ఇటుక మోసినవాడి మీద ఆ మాట చెల్లదు. మంచాల లెక్క వేసింది నగర జనాభాను బట్టి, కార్డు మీది చిరునామాను బట్టి కాదు. రిజిస్టర్ దగ్గర ఒడియాతో పాటు తెలుగు వచ్చిన ఒక్క మనిషిని కూర్చోబెడితే సగం టెన్షన్ పోతుంది.

పార్కు రాత్రి మూయాలా అంటే, మూయొచ్చు. ముందు నడిచి వెళ్లేంత దూరంలో తెరిచి ఉన్న మంచం చూపించి, ఆ తర్వాత. మీ వార్డు కార్పొరేటర్ తాళం సంగతి ఎత్తితే, 350లో ఇవాళ ఎన్ని మంచాలున్నాయి, ఏ వీధిలో ఉన్నాయి అని అడగండి.