ఇన్‌స్క్రిప్ట్: వదిన టైపు చేసిన కథ

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, అంటే ఒక్కో కీ మీద నేరుగా తెలుగు అక్షరమో గుణింతపు గుర్తో ఉండే అమరిక, ఎలా నేర్చుకోవాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, అది వదిలేస్తాను. చాలా ఏళ్లుగా నా కథలన్నీ దీంతోనే రాస్తున్నాను. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే పద్ధతికి మళ్లీ వెళ్లాలని ఎప్పుడూ అనిపించలేదు. ముఖ్యంగా ఆ డి కీ ఒక్కటి చాలు. పొల్లు అదే, ఒత్తూ దాంతోనే. ‘స్త్రీ’ కావాలంటే ఎమ్, డి, ఎల్, డి, జె, ఆర్. సాఫ్ట్‌వేరు నా మనసులో మాట ఊహించి నాలుగు పదాలు ముందు పెట్టడం, నేను ఏరుకోవడం, ఆ బేరమే లేదు.

అయితే దీని అసలు గొప్పతనం నాకు మొన్నటి సెలవుల్లోగానీ తెలిసిరాలేదు. ఇల్లంతా చుట్టాలు. పిల్లలు తలుపు వేసేటప్పుడు నా ఎడమచెయ్యి సందులో పడింది. చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ కలిపి కట్టు. కథల పోటీకి గడువు ఆ రాత్రితో సరి, కథ సగం కాగితం మీదే ఉంది.

“నువ్వు చదువు, నేను కొడతాను” అంది వదిన. తను ఆఫీసులో టైపు చేసేది హిందీ, అదీ ఇన్‌స్క్రిప్ట్‌లోనే. తెలుగు ఒక్క ముక్క కూడా ఎప్పుడూ కొట్టలేదు. నమ్మకం లేకుండానే మొదలుపెట్టాను. రెండో వాక్యానికే నా చదువు కంటే తన వేళ్లు ముందున్నాయి! హిందీలో ‘క’ ఏ కీ మీద ఉందో తెలుగులోనూ అక్కడే, పొల్లూ అక్కడే. మన భాషలకి ఒకే అమరిక ఉండాలని కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో చేసిన ఏర్పాటు మా భోజనాల బల్ల మీద అక్కరకొచ్చింది.

పేజీలు పూర్తయ్యాక చూసుకుంటే గుండె జారింది. “చేప్పకుండా వేళ్ళిపోయింది.” “కోడుకు.” “తేలియదు.” హిందీకి ఎ, ఒ హ్రస్వాలతో పనిలేదు కదా, వదిన వేళ్లకి ఏ, ఓలే తెలుసు. తాత మనవడి మెడ మీద చేయి వేసే చోట “మేడ మీద చేయి” వేశాడు. అక్షరదోషాలు పట్టే సాఫ్ట్‌వేరైనా దాన్నేం పట్టుకుంటుంది? అన్నీ ఒకేసారి మార్చేద్దామంటే అసలు దీర్ఘాలు కూడా పోతాయి.

“మరి పొట్టి ఎ ఎక్కడుంది?” అంది వదిన. చెప్పలేకపోయాను. ఆ సంగతి నా వేలికి తెలుసు, నాకు తెలీదు. ఆ వేలికేమో కట్టు. కుడిచేత్తో ఒక్కో కీ నొక్కి వెతికితే ‘ె’ జడ్ మీద, ‘ొ’ అంకె ఒకటికి ఎడమ పక్కన దొరికాయి. రెండూ ఎడమ చిటికెన వేలి వాటాయే! తెలుగులో ఇంత తరచుగా వచ్చే గుణింతాలను చేతిలో అన్నిటికంటే బలహీనమైన వేలికి అప్పగించడమేమిటో. మొదట్లో అంతగా మెచ్చుకున్నానుగానీ, ఎక్కువసేపు రాసిన రోజున ఆ వేలు గుంజడం నాకు కొత్తకాదు. కారణం మాత్రం అప్పుడే తెలిసింది.

ఇంట్లో పెద్దవాళ్లు తలా ఒక పేజీ పట్టుకుని దిద్దారు. ఒక్క చోట మాత్రం తాత నోట వచ్చే “ఏందుకురా”ను అలాగే ఉంచేశాను, ఆయన సాగదీసే మనిషే కాబట్టి. కథ గడువు లోపలే వెళ్లింది. బహుమతి రాలేదు, ‘సాధారణ ప్రచురణకు స్వీకరించినవి’ జాబితాలో చివరన ఉంది. అచ్చులో తాత “ఏందుకురా” చెక్కుచెదరలేదు. నాకు ఆ సెలవులకి అంతే చాలు.

అందరికీ ఇదే మంచిదని మాత్రం అనను. నాది బల్ల మీద పెద్ద కీబోర్డు, చూడకుండా కొట్టే అలవాటు, రోజూ రాసే పని. ఫోన్‌లో బొటనవేళ్లతో రాసేవాళ్లకు ఈ అమరిక వల్ల ఒరిగేది తక్కువే అనుకుంటా. ఇన్‌స్క్రిప్ట్‌లో హిందీ టైపు వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ఒకసారి కూర్చోబెట్టి చూడండి, ముందుగా జడ్ కీ చూపించి.