జాగ్రత్త: ఫియోరే కత్తిసాము పుస్తకం చౌక రీప్రింట్ కొనేముందు లోపలి పుటలు అడగండి

మధ్యయుగపు ఇటలీ కత్తిసాము గురువు ఫియోరే దెయి లిబేరి రాసిన ‘ఫియోర్ ది బత్తాల్యా’ కోసం వెతుకుతున్నవాళ్లకి ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ఒక ప్రింట్ ఆన్ డిమాండ్ (ఆర్డర్ వచ్చాకే అచ్చేసే) పేపర్‌బ్యాక్ తిరుగుతోంది. అట్ట మీద లాస్ ఏంజిలిస్ గెట్టీ మ్యూజియం ప్రతిలోని రంగు బొమ్మ, లిస్టింగ్‌లో "పూర్తి ఫ్యాక్సిమిలీ, ఇంగ్లిష్ అనువాదంతో" అన్న మాట (ఫ్యాక్సిమిలీ అంటే అసలు ప్రతికి అచ్చంగా నకలు). పార్సిల్ విప్పితే లోపల వేరే సరుకు. బొమ్మలు 1902లో నొవాతి అనే పండితుడు అచ్చువేయించిన, పిసాని దొస్సి అనే వేరే రాతప్రతివి, అవీ మసక నలుపు తెలుపులో. అనువాదం మాత్రం గెట్టీ ప్రతిది!

ఫియోరే రాతప్రతులు నాలుగు మిగిలాయి: గెట్టీ, న్యూయార్క్ మోర్గన్, పారిస్, పిసాని దొస్సి. నాలుగింటిలోనూ పట్టుల (పోరాటపు ఎత్తుల) వరుస ఒకటే కాదు. అందుకే ఈ పుస్తకంలో వచనం ఒక పట్టు చెబుతుంటే పక్కన బొమ్మ ఇంకో పట్టు చూపిస్తుంది. శాంపిల్ పుట దొరికితే తేడా ఇట్టే పట్టేయొచ్చు. బొమ్మ పైన పేరాలకు పేరాలు రాత ఉంటే గెట్టీ, రెండేసి పాదాల చిన్న పద్యం ఉంటే పిసాని దొస్సి.

సరే, బొమ్మలు నిజంగా గెట్టీవే అయినా నలుపు తెలుపు అచ్చు కొనకండి. ఆ ప్రతిలో బంగారు పూత అలంకారం కోసం పెట్టింది కాదు. కిరీటం ఉన్నవాడు గురువు. మోకాలి కింద బంగారు పట్టీ ఉన్నవాడు శిష్యుడు, ముందు వచ్చిన గురువు పట్టునే కొనసాగిస్తాడు. కిరీటం, పట్టీ రెండూ ఉన్నవాడు పైఎత్తు వేసేవాడు. బాకు భాగంలో మొదటి గురువు, పైనుంచి దిగే పోటును ఎడమచేత్తో పట్టి, మెలితిప్పి బాకు లాక్కుంటాడు. ఆ తర్వాతి బొమ్మల్లో ఎవరు గెలుస్తున్నారో చెప్పేది ఆ సన్నటి పట్టీయే. 28 సెంటీమీటర్ల ఎత్తున్న పుటను, అందులోని నాలుగు బొమ్మలతో సహా, 6×9 అంగుళాల కాగితంలోకి కుదిస్తే పట్టీ కాస్తా మేజోడు నీడలో కలిసిపోతుంది. మీరేమో ఓడేవాడి భంగిమ సాధన చేస్తారు. పుటలు తారుమారైతే శిష్యుడు ఏ గురువుకి చెందినవాడో కూడా తెలియదు.

మిగతా పాత కత్తిసాము పుస్తకాలకీ ఇలాంటి తిప్పలే. మేయర్ 1570 స్ట్రాస్‌బర్గ్ అచ్చులో ఒక్కో చెక్క అచ్చుబొమ్మలో రెండు మూడు జంటలుంటాయి, వచనం బొమ్మలోని అక్షరాన్ని బట్టి నడుస్తుంది. ఆ అక్షరం చదవగలిగేలా ఉందో లేదో ఫొటో అడగండి. కాపో ఫెర్రో 1610 సియెనా అచ్చుకీ అంతే. తిబో పుస్తకం ప్లేట్లు రెండు పుటల వెడల్పున్న భారీ బొమ్మలు. స్కాన్ చేసినవాళ్లు మడత విప్పకపోతే బొమ్మలో నేల మీద గీసిన వలయం సగమే మిగులుతుంది. తాల్‌హోఫర్ 1467 అని అమ్మే నలుపు తెలుపు ప్రతులు చాలావరకు హెర్గ్‌సెల్ 1887 ముద్రణకి నకళ్లు. మ్యూనిక్‌లోని అసలు ప్రతి రంగుల్లో ఉంటుంది.

గెట్టీ ప్రతి హై రిజల్యూషన్ బొమ్మలు మ్యూజియం సైట్‌లోనే ఉచితం. అందుకని డబ్బు పెట్టేదుంటే మంచి అనువాదానికి పెట్టండి. కొనక తప్పదనుకుంటే ముందే అమ్మేవాళ్లని మూడు అడగండి: ఏ రాతప్రతి, లోపల రంగు ముద్రణేనా, స్కేలు పక్కన పెట్టి తీసిన ఒక లోపలి పుట ఫొటో. ఫొటో పంపకుండా అట్ట ఫొటోనే మళ్లీ పంపితే వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. రిటర్న్‌లో "నచ్చలేదు" అని నొక్కితే ప్రింట్ ఆన్ డిమాండ్ కాబట్టి కుదరదంటారు. "వివరణకి సరిపోలేదు" ఎంచుకుని, లిస్టింగ్ స్క్రీన్‌షాట్, లోపలి పుట ఫొటో పక్కపక్కన జతచేయండి. లిస్టింగ్ మాట ఆ తర్వాత మార్చేయొచ్చు కాబట్టి స్క్రీన్‌షాట్ ఆర్డర్ రోజే తీసి పెట్టుకోండి.