మెయిన్ తీరంలో లైట్‌హౌస్ ఫోటోలు: ఎక్కడ నిలబడాలి, ఎక్కడ బస చేయాలి

అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో 60కి పైగా లైట్‌హౌస్‌లున్నాయి. అన్నీ చూడాలని బయల్దేరితే కారులోనే పొద్దు గడిచిపోతుంది, మంచి వెలుగు ఒక్కచోటా దొరకదు. అందుకే సెప్టెంబరు చివర్లో నేనూ మా ఆవిడా తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తూ కొన్నింటినే ఎంచుకున్నాం. పెట్టుకున్న నియమం ఒకటే: సూర్యోదయం తీయాల్సిన చోటికి రాత్రి బస ఇరవై నిమిషాలకు మించి దూరం ఉండకూడదు. సాయంత్రాలకి ఈ పట్టింపు అక్కర్లేదు, ఎంత దూరం నుంచైనా తీరిగ్గా చేరుకోవచ్చు. తెల్లవారుజామున మాత్రం సూర్యుడు కనపడటానికి అరగంట ముందే ట్రైపాడ్ నిలబెట్టి ఉండాలి. ఆకాశం నీలంగా ఉంటూ, లైట్‌హౌస్ దీపం కూడా కంటికి స్పష్టంగా ఆనేది ఆ కాసేపే.

మొదట యార్క్ ఊళ్లోని నబుల్ లైట్‌హౌస్. అధికారిక పేరు కేప్ నెడిక్ లైట్, 1879 నాటిది. తీరానికి కాస్త ఎడంగా చిన్న రాతి దీవి మీద ఉంటుంది. దీవి మీదికి సందర్శకులను పోనివ్వరు, ఎదురుగా ఉన్న సోహియర్ పార్కు నుంచే తీసుకోవాలి. కారు దిగిన చోటే ఫోటో తీసే చోటు కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను వెంటపెట్టుకుని వెళ్లేవాళ్లకి ఈ తీరంలో ఇంతకన్నా సుఖమైన జాగా నాకు కనపడలేదు. సూర్యుడు దీవి వెనక వైపు నుంచి వస్తాడు. కాబట్టి తెల్లని టవర్ వివరాలు కావాలంటే సాయంత్రం, ఎర్రటి ఆకాశం మీద నల్లటి రూపం కావాలంటే పొద్దున. ఇక్కడి ఎర్ర దీపం మూడు సెకన్లు వెలిగి మూడు సెకన్లు ఆరుతుంది.

మేం దిగిన మోటెల్ పార్కుకి అయిదు నిమిషాల దూరం. గది పాతదే, గోడలు పలచన. అయినా చీకటితోనే వెళ్లిపోతామని చెప్పగానే ముందు రాత్రే బిల్లు తీసుకుని, తాళం డబ్బాలో వేసి వెళ్లమన్నారు. ఫోటోలు తీసేవాళ్లకి కావాల్సిన సౌకర్యం ఇదే. అక్టోబరు మధ్య దాటితే ఈ వైపు చాలా బసలు మూసేస్తారు, ముందే కనుక్కోండి.

పోర్ట్‌ల్యాండ్ హెడ్ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. 1791లో వెలిగిన ఈ దీపం మెయిన్‌లో అన్నిటికన్నా పాతది, కొండ అంచు మీద నిలబడ్డ తీరు చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. కానీ అది ఉన్న ఫోర్ట్ విలియమ్స్ పార్కు వేళలే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా. అంటే మనకి కావాల్సిన ఆ నీలివెలుగు అరగంట నియమాల ప్రకారం దొరకదు. పొద్దెక్కాక మొదటి గంటలో దక్షిణం వైపు కాలిబాట నుంచి తీస్తే ఫోటో బాగానే వస్తుంది. పోర్ట్‌ల్యాండ్ నగరంలో మేమున్న హోటల్ గది గొప్పగా ఉంది గానీ, కారు వాళ్లే తీసుకెళ్లి ఎక్కడో పెడతారు, దానికి విడిగా డబ్బు, తెల్లవారుజామున అడిగితే తెచ్చి ఇచ్చేసరికి టెన్షన్. ఒక్క ఉదయమే చేతిలో ఉంటే అది పోర్ట్‌ల్యాండ్‌కి ఇవ్వొద్దంటాను.

ఆ ఉదయం పెమక్విడ్ పాయింట్‌కి ఇవ్వండి. పోర్ట్‌ల్యాండ్ నుంచి కారులో గంటన్నర. 1827లో మొదటి టవర్ కట్టారు, అది నిలవకపోతే 1835లో ఇప్పుడున్నది కట్టారు. మెయిన్ పేరుతో 2003లో వచ్చిన పావు డాలరు నాణెం మీద ఉన్నది ఈ లైట్‌హౌసే. ఎత్తు 38 అడుగులే, పక్కన ఇల్లు లేకపోతే పొట్టిగా కనిపించేది. దాని కింది నుంచి సముద్రంలోకి జారిపోయే రాతి పలక మాత్రం మరెక్కడా చూడలేదు. బూడిదరంగు రాయిలో తెల్లని చారలు పొడుగ్గా, వంకర్లు తిరుగుతూ నీళ్ల దాకా సాగుతాయి. కిందికి దిగి వెనక్కి తిరిగితే ఆ చారలన్నీ చూపుని టవర్ దగ్గరికే తీసుకెళ్తాయి. రాతి గుంటల్లో నీరు నిలిచి ఉంటే అందులో లైట్‌హౌస్ తలకిందులుగా కనపడుతుంది. దానికి కెమెరాను దాదాపు నేలకి ఆనించి పెట్టాలి, గాలి లేకుండా ఉండాలి. కొస దక్షిణానికి తిరిగి ఉండటం వల్ల పొద్దునా సాయంత్రమూ వెలుగు పక్క నుంచే పడుతుంది, రాయి గరుకుదనమంతా పైకి తేలుతుంది.

అలల కోసం కెమెరాలో ఎఫ్/11 (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్ఓ 100 (వెలుగుకి సెన్సార్ స్పందించే తీరు), షట్టర్ తెరిచి ఉండేది అరసెకను నుంచి ఒక సెకను. అల వెనక్కి తగ్గేటప్పుడు నొక్కితే నురగ గీతలుగా వస్తుంది, ముందుకు వచ్చేటప్పుడు నొక్కితే తెల్లటి ముద్ద తప్ప మరేమీ మిగలదు. ఆకాశాన్ని అదుపు చేయడానికి సగం నల్లగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ చాలామంది వాడతారు. లైట్‌హౌస్ ఉన్నచోట అది టవర్ తలని కూడా నల్లబరుస్తుంది. వెలుగు ఎక్కువ తక్కువలతో రెండు మూడు ఎక్స్‌పోజర్లు తీసి తర్వాత కలుపుకోవడమే మేలని నా నమ్మకం. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు: తడిసి నల్లగా ఉన్న రాయి మీద అడుగు పెట్టకండి. అక్కడిదాకా అల వస్తుందనడానికి ఆ తడే సాక్ష్యం, పైగా నాచు జారుతుంది. ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి మనుషుల్ని లాక్కుపోయిన చోటు ఇది.

బసకి లైట్‌హౌస్‌కి దగ్గర్లో చిన్న సత్రాల్లాంటి ఇళ్లున్నాయి. అవి దొరక్కపోతే డమరిస్కాటా ఊరు అరగంట లోపే. మేమున్న ఇంటి ఆమె పోటు, పాటు వేళలు కాగితం మీద రాసి తలుపుకి అంటించింది. ఇక్కడ పోటుకీ పాటుకీ తేడా దాదాపు 9 అడుగులు. ఆ కాగితం వల్లే ఏ వేళకి ఎంత కిందికి దిగొచ్చో ముందే తెలిసింది.

అకేడియా నేషనల్ పార్కులో అందరూ కాడిలాక్ కొండ మీద సూర్యోదయం అంటారు. ఎత్తు 1,530 అడుగులు. కారులో ఎక్కాలంటే సీజనులో ముందస్తు రిజర్వేషన్ ఉండాలి. మేం వెళ్లినప్పుడు కొన్ని టికెట్లు 90 రోజుల ముందు, మిగిలినవి రెండు రోజుల ముందు పొద్దున 10 గంటలకి ఆన్‌లైన్‌లో పెట్టేవారు. పైనుంచి దీవులు కనిపించడం బాగుంటుంది గానీ, చలిలో జనం భుజాల మధ్య నుంచి తీయాలి. అదే పార్కులో బౌల్డర్ బీచ్‌కి వేరే రిజర్వేషన్ అక్కర్లేదు, పార్కు పాస్ చాలు. గుండ్రటి రాళ్లు, వెనక ఆటర్ క్లిఫ్, రాళ్ల మీద పడే తొలి ఎండ. నేనైతే అక్కడికే వెళ్తాను. ఆ రాళ్లు ఒక్కటి జేబులో వేసుకున్నా నేరమే.

సాయంత్రానికి బాస్ హార్బర్ హెడ్, 1858 నాటిది. పార్కింగ్ చాలా చిన్నది, నిండితే వెనక్కి పంపేస్తారు, రోడ్డు పక్కన ఆపనివ్వరు. గంటన్నర ముందే చేరండి. మెట్లు దిగి బండరాళ్ల మీదికి వెళ్లాలి, చీకటి పడ్డాక ఎక్కిరావడానికి తలకి పెట్టుకునే లైటు తప్పనిసరి. బార్ హార్బర్ ఊళ్లో బస ఖరీదు, సందడి ఎక్కువ. ఆ ఊరి నుంచి ఈ లైట్‌హౌస్‌కి నలభై నిమిషాలు పట్టినా సూర్యాస్తమయమే కాబట్టి ఇబ్బంది లేదు, బౌల్డర్ బీచ్‌కి అదే దగ్గర.

చివరిది లుబెక్ దగ్గర వెస్ట్ క్వాడీ హెడ్, అలాస్కా, హవాయి పక్కనపెడితే అమెరికాకి తూర్పు కొస. ఎర్ర, తెల్ల పట్టీల టవర్, ఇది కూడా 1858దే. సూర్యుడు పైకొచ్చాక మొదటి పది నిమిషాల్లో ఆ ఎర్ర పట్టీల రంగు చూసి తీరాలి. దీపం ప్రతి 15 సెకన్లలో వెంటవెంటనే రెండుసార్లు వెలుగుతుంది, కనుక అంతసేపు ఎక్స్‌పోజర్ పెడితే దీపం తప్పక పడుతుంది. ఊరు చిన్నది, రాత్రి పొద్దుపోయాక పెట్రోలు, మందులు దొరుకుతాయని నమ్మొద్దు. ఫోన్లు అవతలి కెనడా టవర్లను పట్టుకుని గడియారాన్ని గంట ముందుకి జరుపుతాయి, రోమింగ్ బిల్లు కూడా వేస్తాయి. టైమ్ జోన్‌ని చేత్తో పెట్టుకుని, రోమింగ్ ఆపి పడుకోండి. పొగమంచు ఇక్కడ మామూలే, ఒక్క రాత్రి బుక్ చేసుకుంటే ఏమీ కనపడకపోవచ్చు. మా బసవాళ్లు రెండో రాత్రికి ధర తగ్గించారు, అడిగి చూడండి.