సంచి నిచ్చెన: కొనేముందు నీళ్లలోంచి చూడండి

పడవ అంచుకు కట్టిన చిన్న సంచి, దాన్నుంచి కిందికి వేలాడే తాడు. తాడు లాగితే సంచి నోరు తెరుచుకుని, నీళ్లలో పడ్డవాడు తిరిగి పడవ ఎక్కడానికి అయిదు మెట్ల పట్టీ నిచ్చెన నీళ్లలోకి జారుతుంది. డెక్ మీద నిలబడి చూస్తే ఈ తరహా నిచ్చెనలన్నీ ఒకేలా కనిపిస్తాయి. మంచిదేదో చెడ్డదేదో నీళ్లలో పడ్డవాడికే తెలుస్తుంది, అదీ బట్టలు నాని, లైఫ్ జాకెట్ ఉబ్బి మెడకి అడ్డం పడ్డాక.

ముందు లెక్క చూసుకోవాల్సింది అడుగు మెట్టుది. అది నీటి మట్టానికి కనీసం 22 అంగుళాలు, అంటే 56 సెంటీమీటర్లు, కింద ఉండాలని అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం. మెట్టుకీ మెట్టుకీ 30 సెంటీమీటర్ల ఎడంతో అయిదు మెట్లంటే మొత్తం పొడవు మీటరున్నర. డెక్ అంచు నీటికి మీటరు ఎత్తులో ఉంటే, మునిగేది 50 సెంటీమీటర్లే. అంటే ఇప్పటికే తక్కువ. పైగా చాలామంది సంచిని డెక్ అంచుకు కాక రెయిలింగ్ పైతీగకు కడతారు. అక్కడ ఇంకో 60 సెంటీమీటర్లు పోయి అడుగు మెట్టు గాలిలో వేలాడుతుంది! తీగ గానీ దాన్ని మోసే సన్నటి స్తంభం గానీ మనిషి బరువుకి చేసినవి కావు. కట్టేది క్లీట్‌కో (తాళ్లు చుట్టి కట్టడానికి డెక్‌కి బిగించిన కొమ్ము), డెక్‌కి బోల్టులతో బిగించిన కొక్కేనికో. అయిదు మెట్లదా ఆరు మెట్లదా అని తటపటాయిస్తుంటే ఆరుదే తీసుకోండి.

పట్టీ నిచ్చెనకి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. కాలు మోపగానే మెట్టు పడవ అడుగుకి జారిపోతుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, బరువంతా చేతుల మీద పడుతుంది. తడిసిన వేళ్లు అంతసేపు పట్టు నిలపలేవు. దీనికి విరుగుడు నిచ్చెనని ఎదురుగా కాకుండా అంచు మీంచి ఎక్కడం: పక్క పట్టీని ఛాతీకి ఆనించుకుని, ఒక కాలు ముందునుంచి, రెండోది వెనకనుంచి మెట్టులో పెట్టాలి. అప్పుడు బరువు నిచ్చెనకి నేరుగా దిగుతుంది. చేతులు పట్టుకోవడానికే, పైకి నెట్టాల్సింది కాళ్లు.

మెట్లలో ప్లాస్టిక్ గొట్టం లేని రకం వద్దే వద్దు. ఉత్త పట్టీ ఉచ్చులా పాదానికి బిగుసుకుంటుంది. బూటుతో దూరదు, దూరితే రాదు. అడుగు మెట్టుకి కాస్త బరువు ఉండాలి, లేకపోతే నీటిమీద తేలుతూ కాలికి అందదు. పడవ గోడకి ఆనుకునే మెట్లకి వెనక ఆనుడు దిమ్మలు ఉంటే మునివేళ్లకి చోటు దొరుకుతుంది.

లాగే తాడు సంగతి ఇంకా ముఖ్యం. నీళ్లలో ఉన్న మనిషి మరొకరి సాయం లేకుండా తిరిగి ఎక్కే సాధనాన్ని అందుకోగలగాలి, లేదా దించుకోగలగాలి అని యూరప్ 2013/53 నిబంధన చెబుతుంది. తాడు కొస నీటికి జానెడు పైన ఉంటే చాలు. నీళ్లలోకి వేలాడితే ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. సంచి వెల్‌క్రో మూతని పక్కకి ఈడిస్తే ఊడదు, అంచు నుంచి ఒలిచినట్టు లాగితేనే ఊడుతుంది. కాబట్టి తాడు మూత అంచుకే కుట్టి ఉందో లేదో చూడండి.

నిచ్చెన పని డెక్ అంచుతో అయిపోతుంది, ఎక్కేవాడికి అసలు కష్టం అక్కడే మొదలు. నడుము దాకా పైకొచ్చాక పట్టుకోడానికి ఏమీ ఉండదు. అందుకే ముడులు వేసిన మీటరు తాడొకటి డెక్ లోపలివైపు గట్టిగా కట్టి ఉంచాలి. లైఫ్ జాకెట్ అడ్డొస్తే నోటి గొట్టం కవాటం నొక్కి కొంచెం గాలి వదలొచ్చు, మొత్తం తీసేయకూడదు.

కట్టే చోటు పడవ నడుమ అయితే మేలు. అలల్లో వెనుక భాగం ఎగిరెగిరి పడి కింద ఉన్నవాడి తల మీదికే రావచ్చు. ఇంజిన్ న్యూట్రల్‌లో పెడితే సరిపోదు, ఆపేయాలి. నీరు నిలకడగా ఉండి, పడవ వెనుక భాగం ఎత్తు తక్కువగా ఉంటే మాత్రం అక్కడ బిగించిన స్టీలు నిచ్చెనే నయం. అది ఊగదు.

చల్లటి నీళ్లలో మొదటి నిమిషం ఊపిరి చిక్కబట్టుకోడానికే పోతుంది. ఆ తర్వాత చేతులూ కాళ్లూ మాట వినేది సుమారు పది నిమిషాలు. అది దాటాక ఏ నిచ్చెనా పనికిరాదు. చంకల కిందా మోకాళ్ల కిందా రెండు పట్టీలు వేసి, తెరచాప ఎత్తే తాడుతో, వించి (తాడు చుట్టి లాగే మర) తిప్పి, వీలైనంత పడుకున్న భంగిమలో పైకి తీయాలి. నిలువుగా లాగితే నీటి ఒత్తిడి ఒక్కసారిగా తప్పి రక్తపోటు పడిపోయే ప్రమాదముంది. ఆ పట్టీలు ఈ సంచిలో రావు, వేరే కొనుక్కోవాలి.

సంచిని సీజన్‌కి రెండుసార్లయినా నీళ్లలోంచే లాగి చూసి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి మడవాలి. ఎండకి ముందు పోయేది కుట్టు దారం, పట్టీ కాదు. మడిచేటప్పుడు కట్టే కొస ముందు లోపలికి వెళ్లాలి, అడుగు మెట్టు అన్నిటికంటే పైన ఉండాలి. తలకిందులుగా మడిస్తే తాడు లాగినప్పుడు నిచ్చెన ముద్దగా ఊడి, నీటికి పైనే చిక్కుపడి వేలాడుతుంది.