డచ్ పదాల పీడీఎఫ్ కొనే ముందు ఒక్క నిమిషం ఆగండి

నెదర్లాండ్స్‌లో ఉంటూ ఇన్‌బుర్ఖెరింగ్ పరీక్షకు (బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడేవాళ్లు రాసే డచ్ భాష, సమాజం పరీక్ష) చదువుతున్న తెలుగువాళ్లకు ముఖ్యంగా చెప్తున్నాను. "రోజూ వాడే ఇంగ్లిష్ మాటలు, వాటి డచ్ అర్థాలు" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో ఒక పీడీఎఫ్ అమ్ముతున్నారు. మా ఆవిడ 39 యూరోలు కట్టి కొంది. మీరు మాత్రం కొనకండి.

లోపల ఎడమవైపు ఇంగ్లిష్, కుడివైపు డచ్, అంతే. ఒక మాటకు ఒకటే అర్థం. ఉదాహరణకు ఒక్క వాక్యం కూడా లేదు. డచ్‌లో నామవాచకం ముందు ఇంగ్లిష్ 'ది' లాగా 'డె' గానీ 'హెట్' గానీ వస్తుంది. దేనికి ఏది రావాలో రాయనే లేదు. అది తెలియకపోతే విశేషణం చివర కూడా తప్పు పడుతుంది.

'పుట్' అన్న మాటనే తీసుకోండి. ఫైల్లో 'జెట్టెన్' అని రాసి వదిలేశారు. కప్పు బల్ల మీద పెట్టడానికి అది సరే, కప్పు నిలబడి ఉంటుంది కాబట్టి. పుస్తకాన్ని అడ్డంగా పెడితే మాత్రం 'లెఖెన్' అనాలి. తాళాలు జేబులో వేసుకుంటే 'స్టొప్పెన్', కోటు తగిలిస్తే 'ఒప్‌హాంగెన్'. పెట్టడం, వేయడం, తగిలించడం అని మనమూ వేర్వేరుగానే అంటాం కదా, ఒక్కసారి చూపిస్తే ఇట్టే పట్టుకుంటాం. ఆ చూపించడమే అందులో లేదు.

'టైమ్'కి 'టెయిట్' అని ఉంది. మందు రోజుకు మూడుసార్లా అని మా ఆవిడ ఫార్మసీలో ఆ మాటతోనే అడిగితే అక్కడి అమ్మాయికి అర్థం కాలేదు. సార్లు అనడానికి 'కేర్' వాడాలి. గంటెంతయింది అని అడగడానికీ టెయిట్‌తో పని లేదు, 'హూ లాత్ ఇస్ హెట్' అంటారు. తెలుసు అనే 'నో' (know)కి 'వేటెన్' ఒక్కటే ఇచ్చారు. మనిషి తెలుసు అనడానికి కావలసిన 'కెన్నెన్' ఊసే లేదు. పరీక్ష ఫీజు కట్టి, సెలవు పెట్టి వెళ్లేవాళ్లకు ఇలాంటిది అమ్మడం చాలా అన్యాయం.

డబ్బు వెనక్కి అడిగితే డిజిటల్ సరుకుకు రిఫండ్ ఉండదన్నారు. ఇక్కడి చట్టం అలా లేదు. ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని మామూలుగా 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. డౌన్‌లోడ్ చేసుకునేవాటికి ఆ హక్కు పోవాలంటే, "వెంటనే ఇవ్వండి, రద్దు హక్కు వదులుకుంటున్నాను" అని కొనేటప్పుడే మనచేత స్పష్టంగా ఒప్పించుకోవాలి. మా దగ్గర అలాంటి ఒప్పుకోలేమీ తీసుకోలేదు. ఆ సంగతి రాసి పంపాక జవాబు ఆగిపోయింది.

ఎవరి దగ్గర కొన్నా ముందు కెవికె నంబర్ (ఇక్కడి వ్యాపార రిజిస్ట్రేషన్ నంబర్) అడగండి, 'పుట్', 'టైమ్' ఉన్న పేజీలు శాంపిల్‌గా పంపమనండి. అసలు డబ్బు పెట్టకుండానే చాలా దొరుకుతుంది. ఈ పరీక్ష నిర్వహించే ప్రభుత్వ సంస్థ డుఓ వాళ్ల నమూనా పరీక్షలు ఉచితం. ఫాన్ డాలె నిఘంటువును ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. చాలా ఊళ్ల లైబ్రరీల్లో తాల్‌హెయిస్ అని డచ్ నేర్చుకోవడానికి సాయం చేసే చోటు ఉంటుంది, అక్కడ మాట్లాడటం కూడా ప్రాక్టీస్ చేయిస్తారు. ఇప్పటికే కొన్నవాళ్లు చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు చెరపకుండా ఉంచుకుని, 14 రోజులు దాటకముందే రద్దు చేస్తున్నట్టు రాతలో పంపండి.