ఫుట్‌బాల్ అంటే ఏ ఫుట్‌బాలో అడిగి వెళ్లండి

2025 డిసెంబర్ 20 రాత్రి అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో చదివిన మా బ్యాచ్ నలుగురం, మా కాలేజీ టీమ్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూద్దామని బెంగళూరు కోరమంగళలో ఒక స్పోర్ట్స్ కేఫ్‌కి వెళ్లాం, ముందే ఫోన్ చేసి అడిగితే కేఫ్ అతను ఫుట్‌బాల్ ఉంది సార్ అన్నాడు తీరా చూస్తే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్, అంటే సాకర్! బతిమాలితే మూల టీవీకి మా ల్యాప్‌టాప్ పెట్టుకోనిచ్చారు, కేబుల్ లూజు, మావాడు వేలితో నొక్కిపట్టుకునే కూర్చున్నాడు పాపం. చిల్లీ చికెన్ మాత్రం అదిరింది, కరివేపాకు కరకరలాడుతూ. ఒంటిగంటకి షట్టర్ దించేశారు, మిగతాది మెట్ల మీద ఫోన్‌లోనే, మయామీ యూనివర్సిటీ టీమ్ చేతిలో 10-3తో పోయాం.

1939 తర్వాత మాకు కాలేజీ ఫుట్‌బాల్ నేషనల్ టైటిల్ లేదు, అయినా ప్రతి ఆగస్టులో, సీజన్ మొదలయ్యేటప్పుడు, ఈసారి మనదే అంటాం. ఆ టైటిల్ కోసం 12 టీమ్‌లు ఆడే నాకౌట్, అంటే ప్లేఆఫ్‌లో కనీసం ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు నాకైతే. సీజన్‌కి మళ్లీ అక్కడికే వెళ్తాం, కేబుల్ మేమే తెచ్చుకుంటాం. 3 స్టార్లు, అన్నీ చికెన్‌కే.